ముందే చెప్పిన సాక్ష్యం

షాలేం రాజుతో మ్యూజియానికి వెళ్ళడమంటే ఆ రోజు మీద ఆశ వదులుకోవడమే. అద్దాల పెట్టెలో ఉన్న వస్తువును మనమంతా ఒకసారి చూసి ముందుకు కదులుతాం. ఆయన వస్తువు వైపు చూడడు. దాని పక్కనున్న బోర్డు చదువుతాడు. మొదటి అక్షరం నుంచి చివర దానమిచ్చినవాళ్ళ పేర్ల దాకా, చర్చిలో వాక్యం చదివే గొంతుతో, పైకి చదువుతాడు. ఒకచోట "నిశ్శబ్దం పాటించండి" అన్న బోర్డు కూడా అలాగే పైకి చదివి గార్డు చేత చీవాట్లు తిన్నాడు. ఏళ్ళ తరబడి పక్కపక్క ఇళ్ళలో ఉంటున్నాం కాబట్టి నాకిది అలవాటైన బాధే.

మాది మిషిగన్‌లో నోవై. డెట్రాయిట్‌కి దగ్గర. ఆయన కార్ల సీట్లు తయారుచేసే కంపెనీలో ఇంజనీరు. సీటు ముందుకీ వెనక్కీ జరగడానికి కింద పట్టాలుంటాయే, వాటి డిజైన్ ఆయన పని. ఊరు రేపల్లె. తండ్రి చర్చి బడిలో టీచరు. పుస్తకాలు కొనే స్తోమత లేని ఇల్లు కాబట్టి గోడ మీద ఏది రాసుంటే అది చదువుతూ పెరిగానని చెప్పేవాడు. ఆ చదువు పిచ్చే మ్యూజియాల దాకా వచ్చింది. మిషిగన్‌లో పాత కార్లు, పాత ఓడలు, పాత పొయ్యిలు ఎక్కడ పెట్టి ఉన్నా సెలవురోజున ఆయన కారు అక్కడ ఉండాల్సిందే. వెనక సీట్లో భార్య జెమీమా, కూతురు అబిగేల్ తలో కిటికీ వైపూ తిరిగి కూర్చునేవాళ్ళు.

అబిగేల్‌ని ఇంట్లో అబీ అంటారు. ఒక్కతే కూతురు. మూడేళ్ళప్పుడు తల్లి చంకనెక్కి వచ్చింది. రేపల్లె ఆ పిల్లకి ఫొటోల్లో తెలుసు, అంతే. మా ఇంట్లో ఇడ్లీ తింటూ మా ఈషాన్‌తో కొట్టుకుంటూ పెరిగింది. మావాడు ఇక్కడ పుట్టాడు కాబట్టి వాడికి ఏ బాధా లేదు. అబీ ఇక్కడ పుట్టలేదు. ఈ కథంతా ఆ ఒక్క ముక్క మీద నడిచింది.

గ్రీన్ కార్డు వరుస మనవాళ్ళకి ఎంత పొడవో తెలుగువాళ్ళకి నేను కొత్తగా చెప్పక్కర్లేదు. వరుస ఎక్కడిదాకా వచ్చిందో నెలనెలా ప్రభుత్వం బులెటిన్‌లో ఒక తేదీ వేస్తుంది. మన వంతు వచ్చేదాకా ఉద్యోగం వీసా మీద బతకాలి. పిల్లలు తల్లిదండ్రుల వీసా మీద ఉంటారు, కానీ ఇరవై ఒకటి నిండేదాకానే. ఆ పుట్టినరోజు నాటికి గ్రీన్ కార్డు దారిలో పడకపోతే పిల్ల స్టూడెంట్ వీసాకి మారాలి. అదీ చేయకపోతే దేశం వదలాలి. నేను సిటిజన్ అయి చాలా కాలమైంది, నా గొప్పేం లేదు, ముందు వచ్చాను. షాలేం రాజు నాకంటే తెలివైనవాడు, వెనక వచ్చాడు.

ఇక సాక్ష్యం సంగతి. వాళ్ళ తెలుగు చర్చిలో కొత్త సంవత్సరం ఆరాధనప్పుడు ఒక పళ్ళెం తిప్పుతారు. అందులో చిన్న కార్డులుంటాయి, ఒక్కోదాని మీద ఒక్కో వాక్యం. ఎవరి చేతికొచ్చిన కార్డు వాళ్ళకి ఆ ఏడాది దేవుడిచ్చిన వాగ్దానం. ఆ ఏడాది షాలేం రాజు చేతికి, మూసిన తలుపులు తెరుచుకుంటాయన్న అర్థం వచ్చే వాక్యం వచ్చింది. దాన్ని ఫ్రేము కట్టించి హాల్లో పెట్టాడు. వేసవిలో బులెటిన్ తేదీ ఉన్నట్టుండి ముందుకు దూకింది. ఇంకో రెండు దూకుళ్ళు పడితే ఆయన వంతే.

అంతే, ఆయన ఆగలేదు. కృతజ్ఞత కూడిక పెట్టాడు. ట్రేల కొద్దీ బిర్యానీ, చర్చి చర్చంతా, మధ్యలో నేనూ మా ఆవిడ నళినీ. మైకు పట్టుకుని నిలబడి, "నా ప్రభువు నా బిడ్డకి గ్రీన్ కార్డ్ ఇచ్చాడు. ఇస్తాడు అనట్లేదు. ఇచ్చాడు అంటున్నాను" అన్నాడు. హాలంతా హల్లెలూయలు. నేను చికెన్ ముక్క పట్టుకుని నోరు తెరుచుకుని ఉండిపోయాను. మా ఇళ్ళలో మొక్కుకుంటాం, పని అయ్యాకే కొండెక్కుతాం. పని కాకముందే మొక్కు తీర్చేసిన మనిషిని చూడటం నాకదే మొదలు.

"ఇదేంటమ్మా, ఇంకా రాలేదు కదా?" అని జెమీమాని పక్కకి పిలిచి అడిగాను.

"చూశాక థాంక్స్ ఎవరైనా చెప్తారండీ, అన్నయ్యగారూ. చూడకముందు చెప్పడమే విశ్వాసం" అంది. డే కేర్‌లో పసిపిల్లల్ని చూసుకునే మనిషి, ఎవరికైనా అంతే ఓపిగ్గా చెప్తుంది. కానీ చెప్తున్నప్పుడు ఆవిడ కళ్ళు అబీ మీద ఉన్నాయి.

అక్టోబర్లో వాళ్ళ వీసా పనులు చూసే లాయరు ఫోన్ చేసింది. అబీకి మార్చి మొదటి వారంలో ఇరవై ఒకటి నిండుతాయి, స్టూడెంట్ వీసా పని ఇప్పుడే మొదలుపెట్టండి, ఆలస్యమైతే కష్టం అంది. అబీ మేజరే, సంతకాలు తనే పెట్టుకోగలదు. కానీ ఫీజులు నేను కడతానని తండ్రి రాసివ్వాలి. తండ్రి రాసివ్వనన్నాడు.

నేను వాళ్ళ వంటింట్లో కూర్చుని అరిచినంత పని చేశాను. "రాజుగారూ, మీ సీటుకి ఒక లాక్ పెడతారా, రెండు పెడతారా?"

"రెండు. ఒకటి ఫెయిలైతే రెండోది పట్టుకోవాలి."

"మరి పిల్లకి రెండో లాక్ వద్దా?"

"సీటు నేను చేశాను శ్రీధర్ గారూ, అందుకని దాన్ని డౌట్ పడతాను. ఇది నేను చేసింది కాదు" అన్నాడు. తర్వాత కాస్త గొంతు తగ్గించి, "అందరి ముందూ సాక్ష్యం చెప్పాక ఇప్పుడు ఇంకో అప్లికేషన్ పెడితే చర్చిలో ఏమనుకుంటారు?" అన్నాడు.

నాకు ఒళ్ళు మండింది. దేవుడి మీద నమ్మకమైతే సరే, నాకు దాంట్లో తలదూర్చే హక్కు లేదు. కానీ ఆ రెండో మాట దేవుడి గురించి కాదు, మైకు గురించి. ఆ మాట ఆయన ముఖం మీద అనలేదు, అనాల్సింది. అబీ మెట్ల మీద నిలబడి అంతా విని పైకి వెళ్ళిపోయింది.

నవంబర్లో తేదీ కదల్లేదు. డిసెంబర్లో కదల్లేదు. జనవరిలోనూ అంతే. ఫిబ్రవరిలో వచ్చే బులెటిన్ ఒక్కటే మిగిలింది. అందరం కలిసి ఒకసారి ఎక్కడికైనా వెళ్దామని జెమీమా అంది. "ఎందుకు" అని ఎవరూ అడగలేదు.

ఎక్కడికన్నది కూడా ఎవరూ అడగలేదు, ప్యూర్టోరికోకే. బయటికెళ్తే తిరిగి రావడానికి మళ్ళీ వీసా స్టాంపు వేయించుకోవాలి, ఆ భయంతో దేశం దాటని మనవాళ్ళందరికీ అదే విదేశం. కరీబియన్ సముద్రంలో దీవి, స్పానిష్ మాట్లాడతారు, కొబ్బరిచెట్లుంటాయి, వందల ఏళ్ళనాటి కోటలుంటాయి, అయినా అమెరికాయే. పాస్‌పోర్టు అడిగేవాడుండడు. నోవైలో నాకు తెలిసిన సగం ఇళ్ళలో ఫ్రిజ్ మీద ఆ కోట బొమ్మ అతికించి ఉంటుంది. లాంగ్ వీకెండ్‌కి రెండు కుటుంబాలం, పారలతో మంచు తవ్వుకుని కార్లు బయటికి తీసి, విమానమెక్కి సాన్ హువాన్‌లో దిగాం.

దిగగానే ఎండ. నాకైతే ప్రాణం లేచొచ్చింది. పాత ఊళ్ళో నీలం రంగు రాళ్ళు పరిచిన వీధులు, పసుపు గులాబీ రంగుల మేడలు, గుమ్మాల్లో పిల్లులు. అబీ ఒక పిల్లి దగ్గర కూర్చుని దాని తల నిమిరింది. పక్కనే ఒక తల్లి చంటిపిల్లని తోపుడు బండిలో తోసుకుపోతోంది. "ఈ దీవిలో పుట్టిన ప్రతి బేబీ సిటిజనే కదా, అంకుల్?" అంది. అవునమ్మా అన్నాను.

మొదటిరోజు సాన్ క్రిస్టోబాల్ కోట. ఊరికి నేల వైపు నుంచి వచ్చే శత్రువును ఆపడానికి కట్టింది. ఒక గోడ పడితే వెనక ఇంకో గోడ, అది పడితే దాని వెనక ఇంకోటి. వాటి కింద సొరంగాలు. షాలేం రాజు ఆ బోర్డులన్నీ మాకు వినిపించాడు. గోడ మందం ఎంత, ఫిరంగులు ఎన్ని, నీళ్ళ తొట్టెలో ఎన్ని నెలలకి సరిపడా నీళ్ళు పట్టేవి, అన్నీ. నళిని నా చెవిలో "ఈయన్ని ఇక్కడే ఉద్యోగంలో పెట్టేసుకోమందామా" అంది. నవ్వాను. ఆ ప్రయాణంలో నేను నవ్వింది అక్కడితో సరి.

కోట లోపల ఒక చీకటి కొట్టుంది. ఖైదీల్ని పెట్టిన చోటు. దాని గోడ మీద ఓడల బొమ్మలు గీసి ఉన్నాయి. మరణశిక్ష కోసం ఎదురుచూస్తున్న ఓడ కెప్టెన్ ఎవరో గీశాడని చెప్తారు. తెరచాపలు, కొయ్యలు, తాళ్ళు, జెండాలు, అన్నీ ఉన్నాయి. షాలేం రాజు బోర్డు చదవడం ముగించి తర్వాతి బోర్డుకి వెళ్ళిపోయాడు. అబీ కదల్లేదు. నళిని వెనక్కి వెళ్ళి "ఏంటమ్మా?" అంది.

"ప్రతీ తాడు గుర్తుంది అతనికి, ఆంటీ. లోపల కూర్చుని, చూడకుండా వేశాడు" అంది అబీ. గోడ వైపే చూస్తూ, "నేను వెళ్ళిపోతే నా రూమ్ నాకు ఇలా గుర్తుంటుందా? లైట్ స్విచ్ ఎక్కడుందో, అలాంటివి?" అంది.

నళిని ఆ పిల్లని దగ్గరికి తీసుకుంది. నేను బయటికొచ్చి సముద్రం వైపు తిరిగి నిలబడ్డాను. అంత అందమైన సముద్రాన్ని చూసి అంత కోపం రావడం నాకు ఎప్పుడూ లేదు.

సాయంత్రం అరటికాయ వేయించి దంచి పెట్టే వాళ్ళ వంటకం మోఫోంగో తిన్నాం. జెమీమా బ్యాగులోంచి గోంగూర పచ్చడి సీసా తీసింది. దాంతో బాగానే ఉంది. షాలేం రాజు భోజనానికి ముందు ప్రార్థన చేశాడు. మా కోసం, వండినవాళ్ళ కోసం, ఆ దీవి కోసం, అబీ కోసం. అబీ కళ్ళు మూసుకోలేదు. ప్లేటు వంక చూస్తూ కూర్చుంది.

మర్నాడు పొద్దున్న ఒకప్పుడు సైనికులుండే పెద్ద బ్యారక్స్‌లో ఉన్న మ్యూజియం చూశాం. చెక్కతో చెక్కిన పునీతుల బొమ్మలున్న గదిలో ఒక వింత జరిగింది. షాలేం రాజుకి విగ్రహాలంటే పడదు. బొమ్మ వైపు పొరపాటున కూడా చూడకుండా తల పక్కకి తిప్పి, బోర్డు మాత్రం పూర్తిగా చదివాడు. ఇంకెప్పుడైనా అయితే అబీ ఆయన్ని ఆట పట్టించేది. ఆ రోజు తనే ముందు గదిలోకి వెళ్ళిపోయింది. బానిసల్ని ఓడల్లో ఎలా తెచ్చారో చెప్పే గదిలో గొలుసులున్నాయి. అక్కడ ఆయన కూడా గొంతు తగ్గించి చదివాడు.

అక్కణ్ణుంచి ఎల్ మోర్రో కోటకి నడిచాం. సముద్రంలోకి పొడుచుకొచ్చిన కొండ కొన మీద కోట. దాని ముందు విశాలమైన గడ్డి మైదానం. పిల్లలు గాలిపటాలు ఎగరేస్తున్నారు. పక్కన కింద, గోడకీ అలలకీ మధ్య, తెల్లటి సమాధులు. గాలి విపరీతంగా ఉంది. మైదానం సగం దాటామో లేదో నా ఫోన్ మోగింది. నోవై తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపు. ఆయన ఫోనూ మోగింది. అదే గ్రూపు.

బులెటిన్ వచ్చింది. తేదీ ముందుకి రాలేదు. వెనక్కెళ్ళింది. కాస్త కాదు, ఏడాదికి పైగా వెనక్కి.

నేను ఆయన ముఖం వైపు చూశాను. ఆయన ఫోన్ చూశాడు, జేబులో పెట్టాడు, నడిచాడు. కోట గుమ్మంలో బోర్డు ఉంది. దాని ముందు నిలబడి చదవడం మొదలుపెట్టాడు. ఏ ఏడాది ఎవరు దాడి చేశారు, ఎవర్ని తిప్పికొట్టారు, ఎవరు ఊరు తగలబెట్టి పోయారు. గొంతు ఎక్కడా వణకలేదు. ఆ మనిషిని భుజాలు పట్టుకుని కుదిపేద్దామనిపించింది. జెమీమా మాత్రం నా ముఖం చూసి విషయం గ్రహించింది. "వెనక్కా, అన్నయ్యగారూ?" అంది. తలూపాను. చున్నీ తల మీదికి లాక్కుని కళ్ళు మూసుకుంది. ప్రార్థన చేసిందో, ఏడ్చిందో నాకు తెలియదు. అబీకి ఎవరూ చెప్పక్కర్లేకపోయింది, ఆ పిల్ల ఫోన్లోనూ అదే గ్రూపు ఉంది.

కోట నుంచి దిగి సముద్రం పక్కన గోడ వెంబడే వస్తుంటే ఒక చిన్న చావడి లాంటి ఖాళీ స్థలం వచ్చింది. అక్కడ కంచు విగ్రహాలు. ఒక బిషప్, ఆయన చుట్టూ ముగ్గురు ఆడవాళ్ళు, చేతుల్లో దివిటీలు, నడుస్తున్నట్టు, పాడుతున్నట్టు. లా రొగతీవా అంటారట, ప్రార్థనా యాత్ర అని. బ్రిటిష్ నౌకలు ఊరిని చుట్టుముట్టిన రోజుల్లో మగవాళ్ళు చాలక, బిషప్ వెంట ఊళ్ళో ఆడవాళ్ళు దివిటీలు పట్టుకుని పాటలు పాడుతూ వీధుల్లో తిరిగారని కథ. ఆ వెలుతురు, ఆ చప్పుడు దూరం నుంచి చూసిన శత్రువులు కొత్త సైన్యం దిగిందనుకుని వెళ్ళిపోయారట.

షాలేం రాజు చదువుతూ చదువుతూ ఆగాడు. పొద్దుటి నుంచి మొదటిసారి ఆయన ముఖంలో కళ కనిపించింది. "అబీ! ఇలా రా! చూశావా? ప్రార్థన! ఆర్మీ కాదు, ఏం కాదు. ఆడవాళ్ళు ప్రార్థన చేస్తే షిప్స్ వెనక్కెళ్ళిపోయాయి. నేను చెప్పలేదా? మనకింకా టైముంది. దేవుడికి బులెటిన్ ఒక లెక్కా?"

అబీ దగ్గరికి రాలేదు. గోడకి ఆనుకుని నిలబడే ఉంది.

"డాడీ, టూ డేస్ నుంచి నువ్వే చదువుతున్నావు" అంది. గొంతు పెంచలేదు. "ఈ ఊరికి ఎంత వాల్ ఉందో, ఎన్ని కేనన్స్ ఉన్నాయో. ఎన్నో ఏళ్ళు కట్టారని నువ్వే చెప్పావు. వాళ్ళు వాల్ కట్టుకుని, దాని లోపల ప్రేయర్ చేశారు. నా వాల్ ఏది?"

"అబీ, విశ్వాసమంటే..."

"నో, డాడీ. నేను కూడా ప్రేయర్ చేస్తాను. రోజూ చేస్తాను. నాకు విశ్వాసం లేదని చెప్పొద్దు." గోడ వదిలి ఒక అడుగు ముందుకేసింది. "నా గురించి నువ్వు గాడ్‌ని అడిగావు. చర్చ్‌లో అందరికీ చెప్పావు. నన్ను మాత్రం ఒక్కసారి కూడా అడగలేదు."

ఒక టూరిస్టుల గుంపు వచ్చి విగ్రహాల ముందు నవ్వుతూ ఫొటోలు దిగింది. వాళ్ళు వెళ్ళేదాకా మేం పక్కకి జరిగి నిలబడ్డాం. ఆ తర్వాత జెమీమా భర్త దగ్గరికి వెళ్ళింది. ఆయన మాటకి ఎన్నడూ ఎదురు చెప్పని మనిషి. "ఏవండీ, ఇంక చాలు. రాసివ్వండి" అంది.

షాలేం రాజు అక్కడున్న రాతి గట్టు మీద కూర్చున్నాడు. "రేపు లాయర్‌కి ఫోన్ చేస్తాను" అన్నాడు. ఆ మాట అక్టోబర్లో అని ఉంటే చాలు. నాకు ఏడుపొచ్చింది, సిగ్గుపడకుండా ఏడ్చాను.

లాయర్ ప్రయత్నించింది. కాలేజీ నుంచి రావాల్సిన కాగితం అబీ పుట్టినరోజు దాటాక గానీ చేతికి రాదని తేలింది. అప్పటికి అబీకి ఇక్కడ ఉండే అర్హత పోతుంది. దాంతో పుట్టినరోజు ముందే బయల్దేరింది. కాలేజీ మూడో ఏడు సగంలో వదిలేసి, ఫొటోల్లో తప్ప గుర్తులేని దేశానికి, గుంటూరులో మేనత్త ఇంటికి. అక్కణ్ణుంచి స్టూడెంట్ వీసాకి ఇంటర్వ్యూకి వెళ్ళింది. అమ్మానాన్నా అమెరికాలో ఉన్నారు కాబట్టి నువ్వు తిరిగి ఇండియా రావు అని వీసా ఇవ్వలేదట. లోపలికి వెళ్ళడం, బయటికి రావడం ఒకేసారి జరిగినట్టుందని ఫోన్లో చెప్పింది. కాలేజీ మొదలయ్యే రోజుల్లో కెనడాలో సీటు వచ్చింది. విండ్సర్లో.

విండ్సర్ ఎక్కడో కాదు. డెట్రాయిట్ నదికి అవతలి గట్టు. మా ఇంటి నుంచి కారులో గంట కూడా పట్టదు.

ఇక్కడ చర్చిలో అందరూ షాలేం రాజుని ఓదార్చారు. ప్రభువు చిత్తం అన్నారు, ఆయన సమయం వేరు అన్నారు. ఒక ఆదివారం ఆయన మళ్ళీ మైకు అడిగాడట. "నేను చెప్పిన సాక్ష్యం దేవుడిది కాదు, నాది. దేవుడు నాకు ఏ మాటా ఇవ్వలేదు. నేనే ఆయన నోట్లో పెట్టాను. దయచేసి ఎవరూ ఆయన్ని నిందించవద్దు" అని చెప్పి కూర్చున్నాడట. పాస్టరుగారికి ఏం పాట పాడించాలో తెలియలేదట. జెమీమా నళినికి చెప్పింది, నళిని నాకు చెప్పింది. అప్పుడు మొదటిసారి నాకు ఆ మనిషి మీద కోపం పూర్తిగా పోయింది. కోపం ఉన్నప్పుడే నాకు తేలిగ్గా ఉండేది.

బ్రిడ్జి దాటి వెళ్ళొచ్చు కదా అంటారు తెలియనివాళ్ళు. ఆయన దాటితే తిరిగి రానిస్తారో లేదో చెప్పలేను, ఈ రోజుల్లో వద్దు అని లాయర్ అంది. జెమీమాకీ అంతే. అబీ ఇటు రావాలంటే వీసా లేదు. అందుకని ఆదివారం ఆరాధన అయ్యాక వాళ్ళిద్దరూ డెట్రాయిట్ నది ఒడ్డుకి వెళ్తున్నారు. అవతల అబీ కూడా గట్టుకి వస్తుంది. ఎర్ర కోటు కొనుక్కుంది, దూరం నుంచి పోల్చుకోవడానికని. మనిషిని గుర్తుపట్టే దూరం కాదు, ఎర్రటి చుక్క కనిపిస్తుంది. ఫోన్లో మాట్లాడుకుంటూ ఒకరి వైపు ఒకరు చూస్తూ నిలబడతారు.

కిందటి ఆదివారం ఆయన కారు బ్యాటరీ చలికి చచ్చిపోతే నేనే తీసుకెళ్ళాను. నది మీద గాలి ముఖాన్ని కోస్తోంది. నది మధ్యలో పెద్ద సరుకు ఓడ ఒకటి నెమ్మదిగా పోతోంది, అది దాటేదాకా అవతలి గట్టు కనిపించలేదు. తర్వాత ఎర్ర చుక్క కనిపించింది. జెమీమా రెండు చేతులూ ఊపింది. స్పీకర్ ఆన్ చేశారు. తిన్నావా, చలిగా ఉందా, రూమ్మేట్‌కి జ్వరం తగ్గిందా, అన్నీ అయ్యాయి. షాలేం రాజు అంతసేపూ కమ్మీ పట్టుకుని అవతలికి చూస్తున్నాడు.

"అబీ" అన్నాడు చివరికి.

"చెప్పు డాడీ."

"నేను నిన్నెప్పుడూ అడగలేదన్నావు. ఇప్పుడడుగుతున్నాను. నీకేం కావాలమ్మా?"

ఎర్ర చుక్క అక్కడే ఉంది, కదల్లేదు.

"ఇంటికి రావాలనుంది డాడీ" అంది.